ప్యాకేజీ మేనేజర్లు: ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉంటూ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, కోర్సు చేస్తూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నవాళ్లు, మన తెలుగు పిల్లలు తరచూ అడిగే ప్రశ్నలివి. ప్యాకేజీ మేనేజర్ అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌ని (ప్యాకేజీ లేదా లైబ్రరీ అంటారు) దించి పెట్టే, తీసేసే పనిముట్టు. చాలామంది పని పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో కాబట్టి పైథాన్‌కి వాడే పిప్, జావాస్క్రిప్ట్‌కి వాడే ఎన్‌పీఎమ్‌ల గురించే ఎక్కువ రాశాను. ఉబుంటు లినక్స్ వాడేవాళ్ల కోసం దాని ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ సంగతీ చేర్చాను. చదువుకోవడానికి వీలుగా కమాండ్లను తెలుగు లిపిలోనే ఇచ్చాను. టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి.

ముందే ఒక మాట. ఇన్‌స్టాల్ చేయడం అందరికీ వచ్చు. తీసేయడం దగ్గరికి వచ్చేసరికే తికమక మొదలవుతుంది. తీసేసేటప్పుడు ప్యాకేజీ మేనేజర్ కొత్తగా ఏమీ ఆలోచించదు. పెట్టిన రోజు తాను రాసుకున్న లెక్క తెరిచి చూస్తుంది, అంతే. ఆ లెక్క ఎవరు రాశారు, ఎక్కడ రాశారు, అందులోకి ఏది ఎక్కలేదు అన్నది తెలిస్తే కింది ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

పిప్ ఇన్‌స్టాల్ ఫ్లాస్క్ అని కొట్టగానే లోపల ఏం జరుగుతుంది?

ఫ్లాస్క్ అనేది వెబ్‌సైట్లు కట్టడానికి వాడే పైథాన్ లైబ్రరీ. దానికోసం పిప్ ముందు పైపీఐకి వెళ్తుంది. 2003 నుంచి పైథాన్ ప్యాకేజీలన్నిటికీ అదే ఉమ్మడి గిడ్డంగి. ఫ్లాస్క్‌కి ఉన్న వెర్షన్లన్నీ చూసి, మీ పైథాన్ వెర్షన్‌కి, మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి సరిపోయేవాటిలో కొత్తది ఎంచుకుంటుంది. దానికి ఇంకేం లైబ్రరీలు కావాలో చదువుతుంది. వాటికి మళ్లీ ఏం కావాలో చూస్తుంది. ఒక లైబ్రరీ ఫలానా వెర్షన్ 2 కంటే తక్కువ ఉండాలంటే, ఇంకోటి 2 కంటే ఎక్కువ కావాలంటే, రెండింటికీ కుదిరే కూర్పు కోసం వెతుకుతుంది. 2020లో వచ్చిన పిప్ 20.3 నుంచే ఈ వెతుకులాట గట్టిగా జరుగుతోంది. అంతకుముందు పిప్ మొదట కంటపడిన వెర్షన్‌నే పెట్టేసి ముందుకు పోయేది, గొడవ ప్రోగ్రామ్ నడిపాక బయటపడేది. ఇప్పుడు ఇన్‌స్టాల్ ఒక్కోసారి నెమ్మదిగా సాగుతోందని విసుక్కుంటాం గానీ, ఆ ఆలస్యం మన మేలుకే.

కూర్పు కుదిరాక వీల్ ఫైళ్లు దించుకుంటుంది. వీల్ అంటే ముందే బిల్డ్ చేసి పెట్టిన ప్యాకేజీ, నిజానికి జిప్ ఫైలే. దాన్ని సైట్ ప్యాకేజెస్ ఫోల్డర్‌లో విప్పుతుంది. వీల్ దొరకకపోతే సోర్స్ కోడ్ దించి మీ మెషీన్‌లోనే బిల్డ్ చేస్తుంది. కంపైలర్ లేదంటూ స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు వచ్చేది చాలావరకు ఈ దారిలోనే. అలాంటప్పుడు మీ పైథాన్ మరీ కొత్తదేమో, ఆ లైబ్రరీవాళ్లు దానికి ఇంకా వీల్ తయారు చేయలేదేమో ముందు చూడండి.

ఏ ఫైళ్లు తీసేయాలో అన్‌ఇన్‌స్టాల్‌కి ఎలా తెలుస్తుంది?

సైట్ ప్యాకేజెస్‌లో ప్రతి లైబ్రరీ పక్కనే, దాని పేరూ వెర్షన్ నంబరూ కలిపి, చివర డిస్ట్-ఇన్ఫో అని ఉండే ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది. అందులో రికార్డ్ అనే ఫైలు ఉంటుంది. ఒక్కసారైనా దాన్ని తెరిచి చూడండి. వరసకి ఒక ఫైలు పేరు, కామా, ఆ ఫైలు ఎస్‌హెచ్ఏ256 హ్యాష్ (ఫైల్లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది), మళ్లీ కామా, బైట్లలో సైజు. ఒక్క రికార్డ్ ఫైలు తన గురించి రాసుకున్న వరసలో మాత్రం హ్యాష్, సైజు ఖాళీగా ఉంటాయి. తన హ్యాష్‌ని తనలోనే రాస్తే ఫైలు మారిపోయి ఆ హ్యాష్ తప్పవుతుంది కదా, అందుకు.

పీజీలో చేరేటప్పుడు ఓనరు మంచం, పరుపు, అల్మారా తాళం అంటూ చిట్టా రాసుకుని, ఖాళీ చేసేటప్పుడు ఆ చిట్టా ప్రకారమే సరిచూసుకుంటాడు. పిప్ చేసేదీ అదే. చిట్టాలో ఉన్నది తీస్తుంది, లేనిదాని జోలికి పోదు.

అందుకే, లైబ్రరీ నడిచేటప్పుడు తనంతట తాను దించుకున్నవి అలాగే మిగిలిపోతాయి. ఏఐ మోడళ్లు నడిపే ట్రాన్స్‌ఫార్మర్స్ లైబ్రరీని తీసేసినా, అది దించిన మోడళ్లు మీ హోమ్ ఫోల్డర్‌లో, దాచిన క్యాష్ ఫోల్డర్ కింద, హగ్గింగ్‌ఫేస్ పేరుతో జీబీల కొద్దీ కూర్చునే ఉంటాయి. భాషా పాఠాలతో పనిచేసే ఎన్ఎల్‌టీకే లైబ్రరీ డేటా కూడా అంతే. లాప్‌టాప్‌లో చోటు చాలక లైబ్రరీలు తీసేస్తున్నవాళ్లు ముందు చూడాల్సింది ఇక్కడే.

ఏ లైబ్రరీ ఏయే ఫైళ్లు పెట్టిందో టెర్మినల్‌లోనే చూడాలంటే పిప్ షో మైనస్ ఎఫ్, ఆ తర్వాత లైబ్రరీ పేరు.

ఫ్లాస్క్ తీసేశాను. వెర్క్‌జూగ్, జింజా2 ఇంకా ఉన్నాయేంటి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే ఫోల్డర్‌లో) ఫ్లాస్క్ ఒక్కటి పెడితే దాని వెనకాల వెర్క్‌జూగ్, జింజా2, మార్కప్‌సేఫ్, ఇట్స్‌డేంజరస్, క్లిక్, బ్లింకర్ కూడా వస్తాయి. పిప్ అన్‌ఇన్‌స్టాల్ ఫ్లాస్క్ అంటే పోయేది ఫ్లాస్క్ ఒక్కటే. మిగిలిన ఆరూ ఎక్కడివక్కడే.

పిప్ అలా ఎందుకు చేస్తుంది? క్లిక్‌ని మీరు మీ సొంత స్క్రిప్టులో కూడా వాడుతూ ఉండొచ్చు. మీ స్క్రిప్టు పిప్‌కి తెలియదు, దానికి తెలిసింది ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల సంగతే. అడగనిది తీసేసి నడుస్తున్న ప్రోగ్రామ్‌ని పాడుచేయడం కంటే, అక్కర్లేనిది కొంత మిగిల్చడమే నయమని దాని పద్ధతి. ఆ జాగ్రత్త నాకు సబబుగానే అనిపిస్తుంది, కాకపోతే మిగిలినవి ఏరుకునే పని మన మీద పడుతుంది.

ఏరుకునే దారి ఉంది. పిప్ లిస్ట్ డబుల్ డాష్ నాట్ రిక్వైర్డ్ అని కొట్టండి. ఇన్‌స్టాల్ అయి ఉన్న మరే ప్యాకేజీకీ అక్కర్లేనివి మాత్రమే చూపిస్తుంది. ఫ్లాస్క్ తీసేశాక ఆ జాబితాలో పిప్‌ని పక్కనపెడితే వెర్క్‌జూగ్, జింజా2, ఇట్స్‌డేంజరస్, క్లిక్, బ్లింకర్ కనిపిస్తాయి. మార్కప్‌సేఫ్ కనిపించదు, ఎందుకంటే అది జింజా2కి ఇంకా కావాలి. ఈ ఐదూ తీసేసి మళ్లీ అదే కమాండ్ కొడితే అప్పుడు మార్కప్‌సేఫ్ బయటికొస్తుంది. ఇలా పొర తరవాత పొర తీసుకుంటూ పోవాలి.

దీనికి రెండోవైపు ఇంకా ప్రమాదం. ఫ్లాస్క్ ఉండగానే పిప్ అన్‌ఇన్‌స్టాల్ జింజా2 అంటే పిప్ అభ్యంతరం చెప్పదు. నిజంగా తీసేయనా అని అడిగి, ఊ అంటే తీసేస్తుంది. మర్నాడు ఫ్లాస్క్ ఇంపోర్ట్ చేయగానే ఎర్రర్. ఏది తీసేముందైనా పిప్ షో కొట్టి, రిక్వైర్డ్ బై అన్న వరస చూడండి. అక్కడ ఏదైనా పేరుంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. తీసేశాక పిప్ చెక్ కొడితే ఎవరికి ఏం తక్కువైందో చెబుతుంది.

ఎన్‌పీఎమ్ కూడా ఇంతేనా?

కాదు. ఎన్‌పీఎమ్ అన్‌ఇన్‌స్టాల్ ఎక్స్‌ప్రెస్ అని కొడితే ఎక్స్‌ప్రెస్ అనే లైబ్రరీతో పాటు, దానికోసమే వచ్చిన పదుల కొద్దీ చిన్న ప్యాకేజీలు కూడా నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ నుంచి వెళ్లిపోతాయి. ప్రాజెక్టుకి కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్లో ఆ వరస చెరిగిపోతుంది, ఏ ప్యాకేజీ సరిగ్గా ఏ వెర్షన్ పెట్టిందో రాసుకునే లాక్ ఫైలూ మారుతుంది. మీకు ఏం కావాలో మీరే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో రాసిపెట్టారు కాబట్టి, అందులో ఎవరికీ అక్కర్లేనిది ఏదో ఎన్‌పీఎమ్ ధైర్యంగా తేల్చగలదు. పిప్‌కి లేనిది ఆ రాతే.

2017లో ఎన్‌పీఎమ్ 5 వచ్చేదాకా ఇన్‌స్టాల్ చేస్తే ప్యాకేజ్ డాట్ జేసన్‌లోకి దానంతటది ఎక్కేది కాదు, డబుల్ డాష్ సేవ్ అని చేర్చాల్సి వచ్చేది. పాత ట్యుటోరియళ్లలో అది ఇంకా కనిపిస్తుంది. ఇప్పుడు అవసరం లేదు, ఉన్నా నష్టం లేదు.

నోడ్ మాడ్యూల్స్‌లోకి వెళ్లి ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చేస్తే తీసేసినట్టు కాదు. తర్వాతి ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్‌కి అది తిరిగి వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే రాతలో అది ఇంకా ఉంది. రాత చెరిపేసి ఫోల్డర్ మిగిలిపోతే అప్పుడు ఎన్‌పీఎమ్ ప్రూన్.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పోస్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడిచి, ప్రాజెక్టు ఫోల్డర్ బయట కూడా ఏమైనా పెట్టగలదు. తీసేసేటప్పుడు మాత్రం దాన్ని సర్దే స్క్రిప్ట్ నడవదు. 2020లో వచ్చిన ఎన్‌పీఎమ్ 7 నుంచి అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులను ఎత్తేశారు.

లాక్ ఫైల్‌ని గిట్‌లో పెట్టాలా?

ప్రాజెక్టు అయితే తప్పకుండా పెట్టాలి. టీమ్‌లో అందరూ, సర్వరూ ఒకే వెర్షన్లు వాడేది దానివల్లే. గిట్ నుంచి కొత్తగా దించుకున్న ప్రాజెక్టులో ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎమ్ సీఐ కొట్టండి. అది పాత నోడ్ మాడ్యూల్స్‌ని ముందు పూర్తిగా చెరిపేసి, లాక్ ఫైల్లో ఉన్నది ఉన్నట్టు పెడుతుంది. ప్యాకేజ్ డాట్ జేసన్‌కీ లాక్ ఫైల్‌కీ పొసగకపోతే ఆగిపోయి ఎర్రర్ ఇస్తుంది.

ఉబుంటులో పిప్ కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తోంది. సుడో పెట్టనా?

వద్దు, సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది) పెట్టకండి. ఉబుంటులో సిస్టమ్ పైథాన్‌కి లెక్క రాసేది ఆప్ట్. సిస్టమ్ తన సొంత పనులకి కూడా ఆ పైథాన్‌నే వాడుతుంది. అక్కడే పిప్ కూడా ఫైళ్లు పెడితే ఒకే చోటికి రెండు లెక్కలు తయారవుతాయి. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియదు. తీసేసేటప్పుడు ఒకరి ఫైళ్లు ఇంకొకరు లాగేస్తారు. దీన్ని ఆపడానికే పెప్ 668 అనే నియమం వచ్చింది. 2023లో వచ్చిన ఉబుంటు 23.04, డెబియన్ 12 నుంచి అమల్లో ఉంది. ఆ ఎర్రర్ కిందే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఫ్లాగ్ (కమాండ్‌కి చేర్చే ఆప్షన్) గురించి రాసి ఉంటుంది. సిస్టమ్ ప్యాకేజీలు విరగ్గొట్టు అని దానికి పేరే అలా పెట్టారు. సొంత లాప్‌టాప్ అయినా, ఆఫీసు లాప్‌టాప్ అయినా దాన్ని వాడకండి.

ప్రాజెక్టుకి ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (వెన్వ్) పెట్టుకోండి. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి పైథాన్3 మైనస్ ఎమ్ వెన్వ్ డాట్ వెన్వ్ అంటే చాలు. ఉబుంటులో అదీ లేదంటే ముందు ఆప్ట్‌తో పైథాన్3 వెన్వ్ ప్యాకేజీ పెట్టుకోవాలి. లైబ్రరీలు కాకుండా ఎక్కడినుంచైనా నడుపుకునే పనిముట్లకైతే పిప్ఎక్స్ మంచిది. ఒక్కోదానికి ఒక్కో ఎన్విరాన్‌మెంట్ అదే కట్టుకుంటుంది, తీసేసినప్పుడు మొత్తం తుడిచేస్తుంది.

అన్ని లైబ్రరీలూ ఒకేసారి తీసేయాలంటే?

వెన్వ్ వాడుతుంటే ఆ ఫోల్డర్ డిలీట్ చేయండి, అయిపోయింది. ముందు రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో మీకు కావాల్సినవి రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. కొత్త వెన్వ్ కట్టి ఆ ఫైలుతో తిరిగి పెట్టుకోవడం, పాతదాన్ని పొరలు పొరలుగా శుభ్రం చేయడం కంటే ఎప్పుడూ తేలిక. ఒక్క హెచ్చరిక: వెన్వ్ ఫోల్డర్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపొద్దు, పేరు మార్చొద్దు. లోపలి స్క్రిప్టుల్లో పూర్తి దారి రాసి ఉంటుంది, జరిపితే అవి పాత చోటునే వెతుకుతాయి.

యూవీ, యార్న్, కార్గో, గో లాంటివాటికి కమాండ్లు ఏంటి?

ప్యాకేజ్ డాట్ జేసన్ లాంటి రాత ఉన్న పనిముట్లన్నీ దాదాపు ఒకే దారి. పైథాన్‌లో యూవీ యాడ్, యూవీ రిమూవ్. జావాస్క్రిప్ట్‌లో యార్న్ యాడ్, యార్న్ రిమూవ్. పీహెచ్‌పీలో కంపోజర్ రిక్వైర్, కంపోజర్ రిమూవ్. రస్ట్‌లో కార్గో యాడ్, కార్గో రిమూవ్. అక్కడ కార్గో ఇన్‌స్టాల్ అనేది లైబ్రరీకి కాదు, నడిపే ప్రోగ్రామ్‌కి. గోలో తీసేసే కమాండ్ విడిగా లేదు. కోడ్‌లో ఇంపోర్ట్ తీసేసి గో మాడ్ టైడీ కొడితే అదే సర్దేస్తుంది.

ఆప్ట్‌లో రిమూవ్, పర్జ్, ఆటోరిమూవ్ మూడూ ఎందుకు?

రిమూవ్ ప్రోగ్రామ్‌ని తీసి, సిస్టమ్‌లోని సెట్టింగుల ఫైళ్లను ఉంచుతుంది. మళ్లీ పెట్టుకుంటే మీ మార్పులు పోకుండా ఉండాలని. డీపీకేజీ మైనస్ ఎల్ కొడితే అలాంటివాటి ముందు ఆర్‌సీ అని రెండు అక్షరాలు కనిపిస్తాయి: తీసేశాం, కాన్ఫిగ్ ఉంది అని. పర్జ్ ఆ సెట్టింగులనూ తుడిచేస్తుంది. మీ హోమ్ ఫోల్డర్‌లో ప్రోగ్రామ్ రాసుకున్నవాటిని మాత్రం పర్జ్ కూడా ముట్టుకోదు.

ఆప్ట్ ప్రతి ప్యాకేజీకి ఇది మనిషి అడిగి పెట్టింది, ఇది దానివెంట వచ్చింది అని గుర్తు పెట్టుకుంటుంది. వెంట వచ్చి, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేనివాటిని ఆటోరిమూవ్ తీస్తుంది. కానీ తీసే జాబితా చదవకుండా ఎస్ అనొద్దు. ఒక్క చిన్న ప్యాకేజీ తీయబోతే డెస్క్‌టాప్ మొత్తం జాబితాలోకి వచ్చేయొచ్చు. సిస్టమ్‌కి ప్రాణాధారమైనవి పోబోతుంటే పాత ఆప్ట్ ఎస్‌తో సరిపెట్టుకునేది కాదు, "ఎస్, డూ యాజ్ ఐ సే!" అని పూర్తి వాక్యం టైపు చేయమనేది. కొత్త ఆప్ట్ అయితే మామూలుగా తీయనివ్వకుండా ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఆ వాక్యం గానీ ఆ ఎర్రర్ గానీ కనిపించిందంటే ఇంకేమీ టైపు చేయకండి, అక్కడే ఆగండి.

ఓపెన్‌సీవీ తిరిగి ఇన్‌స్టాల్ చేసినా సీవీ2 లేదంటోంది. ఎందుకు?

ఓపెన్‌సీవీ ఫొటోలు, వీడియోలతో పనిచేసే లైబ్రరీ, కోడ్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు దాని పేరు సీవీ2. మీ దగ్గర ఓపెన్‌సీవీ పైథాన్, ఓపెన్‌సీవీ పైథాన్ హెడ్‌లెస్ రెండూ ఉన్నాయేమో చూడండి. ఒకటి మీరు పెట్టి ఉంటారు, ఇంకోటి వేరే లైబ్రరీ వెంట వచ్చి ఉంటుంది. రెండూ సీవీ2 అనే ఒకే ఫోల్డర్‌లో ఫైళ్లు పెడతాయి. రెండు రికార్డుల్లోనూ అవే పేర్లుంటాయి. ఒకదాన్ని తీసేస్తే రెండోదాని ఫైళ్లు కూడా పోతాయి. పిప్ లిస్ట్‌లో మాత్రం రెండోది భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. మళ్లీ ఇన్‌స్టాల్ కొడితే ఇప్పటికే ఉంది అంటుంది. దీనికి మందు: రెండూ తీసేసి, ఒక్కటే పెట్టుకోండి. సర్వర్ మీదైతే హెడ్‌లెస్, స్క్రీన్ మీద విండో తెరవాలంటే మామూలుది.

ఇంపోర్ట్‌లో ఉన్న పేరే ఇన్‌స్టాల్‌కీ ఇవ్వొచ్చా?

అన్నిసార్లూ కుదరదు. ఇంపోర్ట్‌లో పీఐఎల్, ఇన్‌స్టాల్‌కి పిల్లో. ఇంపోర్ట్‌లో యామ్ల్, ఇన్‌స్టాల్‌కి పైయామ్ల్. బీఎస్4కి బ్యూటిఫుల్‌సూప్4, ఎస్‌కేలెర్న్‌కి సైకిట్ లెర్న్. పేరు ఊహించి కొట్టొద్దు, ఏఐ అసిస్టెంట్ చెప్పిందని కూడా కొట్టొద్దు. అవి ఒక్కోసారి లేని ప్యాకేజీ పేర్లు చెబుతాయి. అలాంటి పేర్లనీ, అక్షరం తేడా పేర్లనీ ముందే నమోదు చేసుకుని చెడ్డ కోడ్ పెట్టేవాళ్లున్నారు. లైబ్రరీ సొంత డాక్యుమెంటేషన్‌లో ఉన్న ఇన్‌స్టాల్ వరసనే కాపీ చేసుకోండి.

కంపెనీ లోపలి ప్యాకేజీలు వాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. పిప్‌కి ఎక్‌స్ట్రా ఇండెక్స్ (పైపీఐతో పాటు వెతకాల్సిన ఇంకో గిడ్డంగి చిరునామా) ఇస్తే అది లోపలి గిడ్డంగికీ పైపీఐకీ తేడా చూడదు, ఎక్కువ వెర్షన్ ఎక్కడుంటే అక్కడి నుంచి తెచ్చేస్తుంది. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే భద్రతా పరిశోధకుడు ఈ కిటుకుతోనే యాపిల్, మైక్రోసాఫ్ట్, పేపాల్ లాంటి సంస్థల లోపల తన కోడ్ నడిచేలా చేసి చూపించాడు.

చెడ్డ ప్యాకేజీ పడిందని తెలిసింది. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలా?

చాలదు. దాని కోడ్ ఇన్‌స్టాల్ సమయంలోనే నడిచి ఉండొచ్చు. 2025 సెప్టెంబరులో ఎన్‌పీఎమ్‌లో వ్యాపించిన షాయ్ హులూద్ పురుగు అలాగే మెషీన్లో ఉన్న టోకెన్లు, కీలు (పాస్‌వర్డ్‌లా పనిచేసేవి) దొంగిలించి, వాటితోనే ఇంకొన్ని ప్యాకేజీల్లోకి పాకింది. ముందు మెషీన్‌ని నెట్ నుంచి విడదీయండి. వేరే మెషీన్ నుంచి గిట్‌హబ్ టోకెన్, ఎన్‌పీఎమ్ టోకెన్, క్లౌడ్ కీలు అన్నీ రద్దు చేసి కొత్తవి తీసుకోండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఆ క్షణమే సెక్యూరిటీ టీమ్‌కి చెప్పండి. కొత్త ఉద్యోగం కదా, ఏమంటారో అని దాచిపెట్టకండి. గంట ఆలస్యమైనా నష్టం మీ లాప్‌టాప్ దాటి పోతుంది.

పీజీ వైఫై నెమ్మది. ప్రతిసారీ మొత్తం దించుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. పిప్, ఎన్‌పీఎమ్ రెండూ ఒకసారి దించినదాన్ని క్యాష్‌లో దాచుకుంటాయి, అన్‌ఇన్‌స్టాల్ చేసినా క్యాష్ పోదు. అందుకే రెండోసారి చకచకా అయిపోతుంది. చోటు చాలకపోతేనే పిప్ క్యాష్ పర్జ్.

ఆఫీసులో నెట్ బాగున్నప్పుడు పిప్ డౌన్‌లోడ్ మైనస్ ఆర్ రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ అని కొడితే వీల్ ఫైళ్లు మీరున్న ఫోల్డర్‌లోకి వస్తాయి. రూమ్‌కి వెళ్లాక పిప్ ఇన్‌స్టాల్‌కి నో ఇండెక్స్, ఫైండ్ లింక్స్ అనే రెండు ఫ్లాగులు చేర్చి ఆ ఫోల్డర్ చూపిస్తే నెట్ లేకుండానే పని అయిపోతుంది. రూమ్మేట్‌కి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వొచ్చు కూడా, కాకపోతే ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ వెర్షన్ రెండూ కలవాలి.

పొరపాటున తీసేశాను. వెనక్కి తిప్పొచ్చా?

పిప్‌లో వెనక్కి తిప్పే కమాండ్ లేదు. రిక్వైర్‌మెంట్స్ ఫైలుంటే దానితో మళ్లీ పెట్టుకోవాలి. అందుకే ఏదైనా పెద్ద మార్పు చేసేముందు పిప్ ఫ్రీజ్ ఫలితాన్ని (ఇప్పుడున్న ప్యాకేజీలు, వాటి వెర్షన్ల జాబితాని) ఒక ఫైల్లో దాచుకోండి. ఎన్‌పీఎమ్‌లో అయితే ప్యాకేజ్ డాట్ జేసన్, లాక్ ఫైలు రెండింటినీ గిట్ నుంచి పాత రూపానికి తెచ్చి ఎన్‌పీఎమ్ సీఐ కొడితే సరి. పైథాన్‌వాళ్లు వాడే ఇంకో ప్యాకేజీ మేనేజర్ కాండాలో కాండా లిస్ట్ డబుల్ డాష్ రివిజన్స్ అంటే ఎన్విరాన్‌మెంట్‌లో జరిగిన మార్పులన్నీ నంబర్లతో వస్తాయి. కాండా ఇన్‌స్టాల్ డబుల్ డాష్ రివిజన్ అని ఆ నంబరు ఇస్తే అప్పటి స్థితికి వెళ్తుంది. ఫెడోరా లినక్స్ వాడేవాళ్లకి డీఎన్ఎఫ్ హిస్టరీ, ఆ తర్వాత డీఎన్ఎఫ్ హిస్టరీ అన్‌డూ. ఉబుంటులో అలాంటి కమాండ్ అలవాటుగా లేకపోయినా, ఏ రోజు ఏ కమాండ్‌తో ఏ ప్యాకేజీ వచ్చిందో పోయిందో వార్ లాగ్ ఆప్ట్ ఫోల్డర్‌లోని హిస్టరీ డాట్ లాగ్ ఫైల్లో ఉంటుంది. అందులో రిమూవ్ అన్న వరస పట్టుకుంటే, తిరిగి పెట్టాల్సిన పేర్లన్నీ అక్కడే ఉంటాయి.